ఓడలు ఆనుకున్న పేజీ

మా ఆయన పజిల్ పుస్తకం చూస్తే నాకు ఒళ్లు మండేది. లోవర్ హట్ నుంచి వెల్లింగ్టన్‌కి ట్రైన్లో వెళ్తూ వస్తూ అదే పని, ఇంటికొచ్చాకా అదే పని. టీ చల్లారిపోతోందని మూడుసార్లు అరిస్తే గానీ తలెత్తేవాడు కాదు. మేమిద్దరం ఇక్కడికి చదువుకోడానికి వచ్చి, ఒకే ఫ్లాట్లో అద్దెకుండి, తర్వాత పెళ్లి చేసుకున్నవాళ్లం. అందుకని మా మధ్య మీరు, గారు అనే మన్ననలేమీ లేవు. "ఏముంది నాయనా ఆ గళ్లల్లో?" అని అడిగితే, "ఓడలు" అనేవాడు. అంతే, మళ్లీ తల దించేసేవాడు.

నిరుడు వేసవిలో తన తలలో గడ్డ ఉందని తేలింది. డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుని, నేరుగా తన మొహంలోకే చూస్తూ చెప్పేసింది. ఆపరేషన్ చేస్తాం, మళ్లీ రావచ్చు కూడా అంది. నాకు కోపం ఆగలేదు. కారిడార్లోకి వచ్చి, మనిషికి ఎదురుగానే చెప్పేస్తారా అని ఆవిడ మీద విరుచుకుపడ్డాను. మా పెదనాన్నకి క్యాన్సర్ వస్తే ఇంటిల్లిపాదీ అల్సర్ అనే చెప్పాం. ఆఖరి రోజు దాకా మజ్జిగ తాగితే తగ్గిపోతుందనే ఆయన అనుకున్నారు. మా దృష్టిలో ప్రేమంటే అదే.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఉద్యోగం ఆగింది, డ్రైవ్ చేయొద్దన్నారు, మూడు నెలలకోసారి స్కాన్ అన్నారు. నేనూ సెలవు పెట్టాను. ఎంతసేపని ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటాం? ఓ రోజు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, "రా, నేర్పిస్తా" అన్నాడు.

పదికి పది గళ్లు. వాటిలో పది ఓడలు దాగుంటాయి. పెద్దది నాలుగు గళ్లు ఆక్రమిస్తుంది, చిన్నవి ఒక్కో గడి. అడ్డంగా, నిలువుగా ప్రతి వరుస చివరా ఓ అంకె ఉంటుంది, ఆ వరుసలో ఎన్ని గళ్లలో ఓడ ఉందో చెబుతుంది. ఒక ఓడ ఇంకో ఓడని తాకకూడదు, మూలల్లో కూడా. ఇంతే ఆట. నేను మొదలెట్టగానే ఓడలు పెట్టేసి, చివరికి లెక్క కుదరక పుస్తకం మూసేసేదాన్ని.

"తొందరపడకు. ముందు నీళ్లెక్కడున్నాయో చూడు" అనేవాడు.

"నాకు కావాల్సింది ఓడలు కదా!"

"నీళ్లు తేలిస్తే అవే బయటపడతాయి."

నీళ్లున్న గడిలో తను చిన్న అలగీత గీసేవాడు. నాకు అంత ఓపిక లేదు, చుక్క పెట్టేసేదాన్ని. "ముగ్గేస్తున్నావా?" అని ఏడిపించేవాడు. ఒక్క పజిల్ నా అంతట నేను పూర్తి చేయడానికి నెల పట్టింది. ఆ రోజు తను చప్పట్లు కొట్టాడు. ఆ నెలంతా నేను సంతోషంగా ఉన్నాను, అబద్ధమెందుకు.

తర్వాత ఓ మధ్యాహ్నం తను పడుకున్నప్పుడు ఊరికే పుస్తకం తిరగేశాను. తను పూర్తి చేసిన పేజీలో మూడు గళ్ల ఓడ మూల, రెండు గళ్ల ఓడకి ఆనుకుని ఉంది. పరధ్యానంలే అనుకున్నాను. మర్నాటి పేజీలో మూడు అని రాసి ఉన్న వరుసలో నాలుగు గళ్లు నల్లగా నింపి ఉన్నాయి. ఏళ్ల తరబడి పెన్నుతోనే నింపి, ఒక్కటీ కొట్టేయని మనిషి. గడ్డ మళ్లీ వచ్చిందని నాకు అర్థమైపోయింది. ఈ దిక్కుమాలిన ఆట నేర్చుకోకపోయి ఉంటే నాకు తెలిసేదే కాదు.

నేనేం చేశానో చెప్తాను. రబ్బరు తీసుకుని చెరిపాను. ఆపరేషన్ అయ్యాక తను పెన్సిలే వాడుతున్నాడు, అదొక్కటే నాకు కలిసొచ్చింది. ఓడల్ని విడదీశాను, లెక్క సరిచేశాను, తన చేతిలాగే ఉండేలా గళ్లు నింపాను. రోజూ తను భోంచేసి కునుకు తీసే వేళ ఇదే పని. స్కాన్‌కి ఇంకా నెల ఉంది, ఎలాగూ అప్పుడు తెలుస్తుంది కదా, ఈలోపు ఆ మొహంలో నవ్వెందుకు చెరపాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మూడు వారాలయ్యాక, టీ ఇవ్వబోతే పుస్తకం నా వైపు తిప్పాడు.

"ఈ చుక్కలు నీవి."

సరిచేసే హడావిడిలో నీళ్లకి నా అలవాటు ప్రకారమే చుక్కలు పెట్టేశాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు వారాలు."

అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. పేజీలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసుకున్నాడు. "ఒక్క తప్పు లేదు. బాగా నేర్చుకున్నావే" అన్నాడు. నేను సింకు దగ్గరికి వెళ్లి, కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

తనే ఫోన్ చేసి, మర్నాటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. ఆ పొద్దున తను నింపిన, నేను ముట్టుకోని పేజీ చూసి, ఈ తప్పులు ఎప్పుడు మొదలయ్యాయని డాక్టరు నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే తను జవాబిచ్చాడు.

"నిన్నే. నిన్ననే గమనించాం."

ఆవిడ రాసుకుంది. నేను కాదనలేదు.

ఇంటికి తిరిగొస్తూ కారు నేనే నడుపుతున్నాను. "ఎందుకలా చెప్పావు?" అన్నాను.

"నిజం చెబితే, ముందే ఎందుకు తీసుకురాలేదని నిన్ను అడుగుతారు. నువ్వు తట్టుకోలేవు" అన్నాడు.

ఆ చలికాలం దాటకుండానే పోయాడు. ఆ మూడు వారాలు ముందే తీసుకెళ్లి ఉంటే ఇంకొన్నాళ్లు బతికేవాడా అని నేను ఏ డాక్టర్నీ అడగలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.