మూడో వరసలో నిలబడిన అమ్మాయి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ విసుగు. చిన్నప్పుడు మా పెద్దమ్మ కూతుళ్ళు దుప్పట్లో దూరి అవి చెప్పుకుంటుంటే నేను మధ్యలోనే లేచి వెళ్ళి పడుకునేదాన్ని. నా అభిప్రాయం ఇప్పటికీ పెద్దగా మారలేదు. కానీ నేను వేసిన ఒక బొమ్మ విషయంలో జరిగింది మాత్రం ఎంత ఆలోచించినా నాకు కొలిక్కి రావడం లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది రాజమండ్రి. నేను ఆటల బొమ్మలు వేస్తాను. క్రీడల పత్రికలకి, టోర్నమెంట్ పోస్టర్లకి, స్కూళ్ళ గోడలకి. ముందు కాగితం మీద పెన్సిల్‌తో గీసి, దాన్ని స్కాన్ చేసి, రంగులు కంప్యూటర్‌లో వేస్తాను. మొత్తం కంప్యూటర్‌లోనే వెయ్యొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వెయ్యొచ్చు. కానీ గాల్లోకి లేచిన మనిషి బరువు నాకు పెన్సిల్ నొక్కితేనే వస్తుంది. రంగు అలా కాదు. నచ్చకపోతే తీసేసి ఇంకోటి వేసుకునే వీలుండాలి.

మా ఆయన శ్రీనివాస్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవారు. ఆటలంటే పిచ్చి, ఆడటం మాత్రం ఒక్కటీ రాదు. పెళ్ళయిన కొత్తలో నేను కబడ్డీ పోస్టర్ వేస్తుంటే వెనక నిలబడి చూసి, "ఆడేవాళ్ళలో ఎలాగూ పెట్టవు, చూసేవాళ్ళలో అయినా పెట్టొచ్చు కదా నన్ను" అన్నారు. సరదాకి పెట్టాను. అప్పటి నుంచీ జనం ఉన్న ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒకచోట ఆయన ఉండేవారు. కళ్ళజోడు, ముందుకు వంగిన భుజాలు. బొమ్మ అచ్చయ్యాక తనని తాను వెతుక్కుని, వచ్చినవాళ్ళందరికీ వేలు పెట్టి చూపించేవారు.

ఆయన కిడ్నీ జబ్బుతో పోయారు. నాకు ఏడుపు రాలేదు. బిగబట్టుకున్నానని కాదు, నిజంగానే రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళకి కాఫీలు కలిపి ఇచ్చాను. పెన్షన్ కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను. మా అత్తగారు నా పక్కన కూర్చుని "ఒక్కసారి ఏడువమ్మా, తేలికపడతావు" అని బతిమాలేవారు. ఆవిడ మాట విన్నట్టు తల ఊపి, వెళ్ళి గిన్నెలు తోముకునేదాన్ని. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, నాకు ఒళ్ళంతా అలాగే ఉండేది. నెలలు గడిచినా అంతే.

అలాంటప్పుడు నిడదవోలు దగ్గర ఒక కాలేజీ వాళ్ళు ఫోన్ చేశారు. కొత్తగా ఇండోర్ హాలు కట్టారట. అమ్మాయిల వాలీబాల్ పోటీలతో దాన్ని ప్రారంభిస్తారట. హాలు చివరి గోడ నిండా పట్టే బొమ్మ కావాలన్నారు. వద్దని చెప్పడానికి ఓపిక లేక సరేనన్నాను.

బొమ్మ ఇదీ. ముందు వైపు ఒక అమ్మాయి నెట్ కంటే పైకి లేచి, స్మాష్ కొట్టడానికి చెయ్యి వెనక్కి లాగి ఉంటుంది. వెనక గ్యాలరీ నిండా జనం. ఆటగత్తెకి కాలేజీ వాళ్ళు ఫోటోలు పంపారు. జనాన్ని ఎప్పటిలాగే ఊహించి వేస్తున్నాను. మధ్యాహ్నం వేళ, కిటికీ దగ్గర బల్ల మీద కూర్చుని ఒక్కో తలా గీసుకుంటూ వచ్చాను. మూడో వరస చివర మా ఆయనకని కొంచెం చోటు వదిలాను. పోయాక ఆయన్ని వెయ్యబోవడం అదే మొదటిసారి.

ఎప్పుడూ కళ్ళజోడుతో మొదలుపెడతాను. ఆ రోజు పెన్సిల్ పెట్టేసరికి గీత ఇంకోలా వెళ్ళింది. ఎవరో నా చెయ్యి పట్టుకుని గీయించారని చెప్పను. అలాంటిదేమీ లేదు. నేనే గీశాను. కానీ వచ్చింది ఒక అమ్మాయి. పదిహేను, పదహారేళ్ళుంటాయి. చుట్టూ అందరూ కూర్చుని ఉంటే తనొక్కతే నిలబడి ఉంది. తన ఒంటికి బాగా పెద్దదైన జర్కిన్ వేసుకుంది. జర్కిన్ ఎడమ చెయ్యి మోచేతి దాకా మడిచి ఉంది. కుడి చెయ్యి వేళ్ళు కూడా కనపడకుండా కిందికి జారిపోయి ఉంది.

రబ్బరుతో చెరిపి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ తనే వచ్చింది. ఇంకోసారి చెరిపాను. అప్పుడూ అంతే. వేరే రోజుల్లో అయితే కంగారుపడి లేచి వెళ్ళిపోయేదాన్నేమో. ఆ రోజుల్లో నాకు ఏదీ అంత పెద్ద విషయంగా అనిపించేది కాదు. "సరే, నువ్వే ఉండు" అని పైకే అన్నట్టు గుర్తు. మిగతా జనాన్ని పూర్తి చేసి స్కాన్ చేశాను.

కాలేజీ రంగులు నీలం, తెలుపు. చూసేవాళ్ళ కళ్ళు ఆటగత్తె మీదకే పోవాలని గ్యాలరీ మొత్తానికి ఒకే బూడిద రంగు వేశాను. ఫైలు ప్రింటింగ్ షాపుకి పంపించాను. మర్నాడు పొద్దున్న ఆ షాపు సత్తిబాబు ఫోన్ చేశాడు.

"మేడమండీ, వెనకాల జనంలో ఒక్క పిల్లకే రంగేసి వదిలేశారేంటండీ? మర్చిపోయారా, కావాలనే ఏశారా?"

"ఏ రంగు?" అన్నాను.

"ఆవపిండి రంగండి. జర్కిన్‌కి."

నా దగ్గరున్న ఫైలు తెరిచి చూశాను. నిజమే. బూడిద రంగు జనం మధ్యలో ఆ జర్కిన్ ఒక్కటే పసుప్పచ్చగా ఉంది. ఎడమ మణికట్టు దగ్గర చిన్న తెల్లటి మచ్చ కూడా ఉంది. ఆటలవాళ్ళు కట్టుకునే రిస్ట్ బ్యాండ్ అనుకున్నాను. ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటాను. నా కంప్యూటర్ ఇంకెవరూ ముట్టుకోరు. కాబట్టి ఆ రంగు నేనే వేసి ఉండాలి. వేసినట్టు మాత్రం నాకు జ్ఞాపకం లేదు. కాగితం తీసి చూస్తే, మణికట్టు దగ్గర పెన్సిల్ నీడ ఆగిపోయి, చిన్న చతురస్రం మేర తెల్ల కాగితమే వదిలి ఉంది. అది కూడా నేను చేసిందే, నాకు తెలియకుండా.

"అలాగే ఉంచెయ్యండి" అని సత్తిబాబుకి చెప్పాను. మార్చాలంటే మళ్ళీ కూర్చోవాలి. అంతకు మించి ఆలోచించలేదు.

ప్రారంభం రోజు పొద్దున్నే నిడదవోలు వెళ్ళాను. పెద్దవాళ్ళ ప్రసంగాలయ్యాయి. నాకో శాలువా కప్పారు. తర్వాత మొదటి మ్యాచ్‌కి అమ్మాయిలు కోర్టులో వార్మప్ చేస్తుంటే వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను. అప్పుడు చూశాను, గోడ దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయి. నేత చీర కట్టుకుంది. బొమ్మకి ముఖం ఆనించేంత దగ్గరగా ఉంది. పక్కన ఆవిడ భర్త కాబోలు, ఆవిడ భుజం పట్టుకున్నారు. ఎవరినో అడిగి, ఇద్దరూ నా దగ్గరికొచ్చారు.

"ఆ బొమ్మ ఏసింది మీరేనాండి?" అంది ఆవిడ.

"అవునండి."

"మా కెజియాని మీరెక్కడ చూశారండి?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ వెనక్కి తిరిగి మూడో వరస చివర నిలబడ్డ అమ్మాయిని చూపించింది.

"ఊహించి వేశానండి. నాకెవరూ తెలీదు" అన్నాను.

"ఊహించి ఆ జర్కిన్ ఎలా ఏస్తారండీ?" అంది. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

ఆయన నా పక్క కుర్చీలో కూర్చుని మెల్లగా చెప్పారు. వాళ్ళది మొగల్తూరు. ఆయన పేరు ప్రభుదాసు, స్కూల్లో టీచరు. ఆవిడ పేరు సువార్తమ్మ. పెద్దమ్మాయి కెజియా జిల్లా స్థాయిలో వాలీబాల్ ఆడేది. మా ఆయనకి జబ్బు బయటపడటానికి చాలా ముందే ఆ పిల్లకి విషజ్వరం వచ్చింది. నరసాపురంలో ఆసుపత్రిలో చేర్చారు.

"చలి చలి అని వణికిపోయేదండి. నేను బండి మీద ఏసుకునే పసుప్పచ్చ జర్కిన్ తీసి తొడిగానండి" అన్నారు ప్రభుదాసు గారు. "ఎడం చేతికి సెలైన్ సూది పెట్టారని ఆ వైపు జర్కిన్ చెయ్యి పైకి మడిచామండి. కుడి చెయ్యి మడవనిచ్చేది కాదు. చేతి ఏళ్ళు చల్లబడిపోతున్నాయి నాన్నా అనేది."

సువార్తమ్మ గారు నన్ను చెయ్యి పట్టి గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ తెల్లటి మచ్చ మీద వేలు పెట్టింది.

"ఇది ప్లాస్టరండి. సూది కదలకుండా అంటించారు."

నేను రిస్ట్ బ్యాండ్ అనుకున్నానని చెప్పలేకపోయాను.

"ఆసుపత్రిలో ఫోటో ఏదైనా..." అన్నాను.

"ఎవరు తీస్తారండి ఆ స్థితిలో?" అంది. "ఆ జర్కిన్‌తోనే సమాధి చేశామండి. తీయనివ్వలేదు నేను. మళ్ళీ చలేస్తుందని."

నాకు ఒళ్ళు జలదరించిందని రాయాలి కాబోలు. జలదరించలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

అప్పుడే కోర్టులో ఒక అమ్మాయి బంతి పట్టుకుని, కదలకుండా మా వైపే చూస్తోంది. వాళ్ళ చిన్నమ్మాయి రూతు. అక్క పోయాక వాలీబాల్ పేరెత్తడానికి కూడా సువార్తమ్మ గారు ఒప్పుకోలేదట. తండ్రి, కూతురు ఆవిడకి తెలియకుండా ప్రాక్టీసు నడిపించారు. ఆ రోజు నిడదవోలులో బంధువుల ఇంటికని చెప్పి ఆవిడని రైలెక్కించి తీసుకొచ్చారు. కాలేజీ గేటు దగ్గర ఆవిడకి సంగతి తెలిసింది.

"పిల్లని తీసుకుపోదామనే లోపలికొచ్చానండి" అంది ఆవిడ నాతో. "చెయ్యి పట్టుకుని లాక్కుపోదామనే వచ్చాను. గోడ మీద ఇది కనపడింది."

మళ్ళీ బొమ్మ వైపు తిరిగి అడిగింది. "తనెటు చూస్తోందండి?"

నేను అప్పటిదాకా గమనించలేదు. గ్యాలరీలో అందరూ బొమ్మలోని బంతిని చూస్తున్నారు. ఆ అమ్మాయి చూపు కిందికి, బొమ్మ బయటికి ఉంది. అంత పెద్ద గోడ మీద చూస్తే అది సరిగ్గా హాల్లోకి, కోర్టు మీదకి పడుతోంది.

"కోర్టు వైపండి" అన్నాను.

రిఫరీ విజిల్ ఊదాడు. రూతు ఇంకా అలాగే నిలబడి ఉంది. ప్రభుదాసు గారు లేచి వచ్చి, "పోదామంటే పోదాం, నీ ఇష్టం" అన్నారు భార్యతో.

"ఆడనియ్యండి" అంది ఆవిడ.

వచ్చి నా పక్కన మెట్టు మీదే కూర్చుంది. ఆట నడుస్తుండగా నన్ను అడిగింది, అక్కడ నిజానికి ఎవరిని వెయ్యాలనుకున్నారండి అని. చెప్పాను. ఆయన పేరు, కళ్ళజోడు, తనని తాను వెతుక్కోవడం, అన్నీ. పోయాక ఆయన గురించి ఒకరికి అంత మాట్లాడటం అదే మొదటిసారి. ఆవిడ కోర్టు మీంచి కళ్ళు తిప్పకుండానే వింది.

"మంచాయన అయ్యుంటారండి. మా పాపకి చోటిచ్చారు" అంది.

ఏడుపు అప్పుడూ రాలేదు. ఆవిడ చెయ్యి నా చేతి మీద ఉంది. దాన్ని అలాగే ఉండనిచ్చాను.

రూతు జట్టు ఓడిపోయింది. చివర్లో ఆ అమ్మాయి ఒక స్మాష్ కొడితే సువార్తమ్మ గారు సగం లేచి, మళ్ళీ కూర్చుంది.

తర్వాత పెన్సిల్ కాగితం వాళ్ళకే ఇచ్చేశాను. ప్రభుదాసు గారు స్వయంగా రాజమండ్రి వచ్చి తీసుకెళ్ళారు. కెజియా ఫోటోలు కొన్ని తెచ్చి, నవ్వుతూ ఉన్న బొమ్మ ఒకటి వేసి పెట్టమన్నారు. వేశాను. ఫోటో ఎలా ఉందో బొమ్మ అలాగే వచ్చింది. దాంట్లో వింత ఏమీ జరగలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. గోడ మీద బొమ్మలో ముఖం చాలా చిన్నది. పోలిక ఉందంటే ఉంది, లేదంటే లేదు. బిడ్డని పోగొట్టుకున్న తల్లికి ఎవరి ముఖమైనా అలా అనిపించొచ్చు. అందుకని ముఖాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను. కానీ జర్కిన్ రంగు, మడిచిన ఎడమ చెయ్యి, మడవని కుడి చెయ్యి, ప్లాస్టర్ ఉన్నాయి కదా. వాటిని ఏమనాలి? నేను నరసాపురం ఆసుపత్రిలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. మొగల్తూరులో నాకు తెలిసినవాళ్ళు లేరు. కాలేజీ వాళ్ళు పంపిన ఫోటోలన్నీ మళ్ళీ మళ్ళీ చూశాను. వాటిలో అలాంటి అమ్మాయి లేదు.

నా స్నేహితురాలు ఒకామె మానసిక వైద్యురాలు. తనకి మొత్తం చెప్పాను. దుఃఖంలో ఉన్న మనసు ఎప్పుడో చూసినవాటిని కలిపి కొత్తగా చూపిస్తుందని వివరించింది. రంగు వేసి మర్చిపోవడం కూడా ఆ స్థితిలో మామూలేనంది. అదంతా నేను నమ్ముతాను.

"మరి ఆ ప్లాస్టర్ నేనెక్కడ చూశాను?" అని అడిగాను.

"అది నాకూ తెలీదు వాసంతీ" అంది.

నాకూ తెలియదు.