చుట్టకుదురు

భోగాపురం దగ్గర ఓ కట్టడం పనిలో సేఫ్టీ సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో జరిగిందిది. కూలీల హెల్మెట్లు, బూట్లు చూసి పట్టికలో టిక్కు పెట్టడం నా పని. ఆ రోజు గౌరమ్మ అనే కూలీ హెల్మెట్ తీసేసి, నెత్తిన గుడ్డ చుట్టకుదురు పెట్టుకుని కాంక్రీటు తట్ట ఎత్తబోయింది. ఆ చుట్టకుదురు లాగి అవతల పారేశాను.

"హెల్మెట్ పెట్టు, లేదంటే ఇంటికి పో!" అని అరిచాను.

"దీని మీద తట్ట నిలుస్తాదేటి? నువ్వే మొయ్యి, సూద్దాం!" అంటూ నిండు తట్ట నా హెల్మెట్ మీద పెట్టేసింది. రెండడుగులు వేశానో లేదో, మెడ కలుక్కుమని తట్ట జారి కాంక్రీటంతా నా ఒంటి మీద పడింది. ఒక్కరూ నవ్వలేదు.

"నువ్వు నేల మీదున్నావు గనక సొక్కాతో పోయింది. మేం మెట్లెక్కాల," అంది గౌరమ్మ.

ఆమె మీద కోపం నాకింకా తగ్గలేదు. కానీ ఆ పట్టిక తీసినప్పుడల్లా నా మెడ కలుక్కుమంటుంది.