దీర్ఘం లేని కోట

మా వంశగౌరవాన్ని నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్‌లో, అద్దె కట్టి మరీ పోగొట్టుకున్నాను. నవ్వరంటే చెబుతాను. సరే, నవ్వండి.

అప్పట్లో స్త్రీవాదుల ఈమెయిల్ గ్రూపులో అందరూ ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. నా స్నేహితురాలు సరళ నన్నందులో చేర్చింది. ముఖాలైనా చూసుకోని ఆడవాళ్లు ఒకరితో ఒకరు ఏం చెప్పుకుంటారో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలం. అయినా పాత ఉత్తరాలు తెరవలేదు. పరాయివాళ్ల ఉత్తరాలు చదవడం మర్యాదా? చల్లపల్లి దగ్గర మాకో కోట ఉందని మాత్రం ఘనంగా పరిచయం చేసుకున్నాను. సగం కూలిందని రాయలేదు.

మర్నాడు మంగ అనే నేతపనివారి అమ్మాయి రాసింది: "కోట మన హక్కు. అందులో మా బీసీ ఆడవాళ్లకు వాటా ఉండాలి. మీరేమంటారు?"

మీరంటే నేనే! నన్ను కాక ఇంకెవరిని 'మీరు' అంటారు? నా వెన్ను జెండాకర్రలా నిటారుగా నిలబడింది.

"కోట మా వంశానిది. బయటివాళ్లకు పిసరంత కూడా ఇవ్వం" అని టైపు కొట్టాను.

గ్రూపు భగ్గుమంది.

"మీ వంశానికి ఎవరు రాసిచ్చారమ్మా?" అని ఒకావిడ నిలదీసింది.

"ఒకరు రాసివ్వడమేమిటి? మా ముత్తాతగారే కట్టించారు."

"కట్టించారా! దేంతో?"

"సున్నంలో బెల్లం కలిపి!"

"ఈవిడుంటే నేనుండనండీ" అంది మంగ. ఇంకో నలుగురు ఆమె వెనకే లేచారు.

సరళ ఫోన్ చేసింది. "నిన్ను తీసేయమంటున్నారే. చేర్చినందుకు నన్నూ తిడుతున్నారు. చట్టసభల్లో ఆడవాళ్ల రిజర్వేషన్ గురించి అడిగితే వంశమేంటే?"

"రిజర్వేషనా? కోట అని కదా రాసింది!"

"కోటా! దీర్ఘం!"

"ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం ఎక్కడేడ్చింది?"

తల వంచడం అలవాటు లేని నేను, అందరికీ సంజాయిషీ రాసుకున్నాను. గ్రూపంతా విరగబడి నవ్వింది. మంగ మాత్రం నవ్వకుండా అడిగింది: "ఇంతకీ ఆ కోట మీ పేరు మీదుందాండీ?"

"మా అన్నయ్యల పేరు మీద."

"మరి మీ వాటా?"

"ఆడపిల్లకి లేదన్నారు."

"అయితే ముందు మీ కోటలో మీకు కోటా ఇప్పించాలండీ!"

ఆ క్షణమే కీబోర్డు మీద చెయ్యి వేసి ప్రతిజ్ఞ చేశాను: దీర్ఘం ఉందో లేదో తేలేదాకా, మా ముత్తాతగారిని ఏ చర్చలోకీ లాగను.