ఆకుల మధ్య ఆంటీ

యీషున్‌లోని మా ఫ్లాట్‌లో రంగులు కలపడానికి అవిసెనూనె సీసా మూత తీస్తే చాలు, మా అమ్మాయి ముక్కు మూసుకుని పారిపోతుంది. నాకు మాత్రం ఆ వాసనకు నసీమ్ ఆంటీ గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది. ఈ దేశం వచ్చి సైన్స్ పార్క్‌లో పరిశోధనకు చేరిన కొత్తలో, ఇదే ఊళ్లోని టోవా పాయోలో ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆంటీ బొమ్మలు వేసేవారు. హాల్లో సోఫాకు పోను మిగిలిన చోటంతా ఆవిడ కాన్వాసుదే.

దాని పక్కన గోడకు ఒక పాత అచ్చుబొమ్మ ఉండేది. వందల ఏళ్ల కిందటి ఇటలీ ప్రభువు, భార్య, పిల్లలు, కాళ్ల దగ్గర కుక్క. ఒక్కరూ నవ్వరు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లలా ఉన్నారని నేనంటే ఆంటీ పడీ పడీ నవ్వారు. దాన్ని వేసిన చిత్రకారుడు ఏళ్ల తరబడి వాళ్ల కొలువులోనే ఉన్నాడట. కుటుంబం మధ్య తనకు చోటు లేదు కనుక, అంచున వేసిన ఆకుల్లో తన ముఖం గోరంత వేసుకున్నాడు. అది చూపించేటప్పుడు ఆవిడ వేలు అక్కడే కాసేపు ఆగేది.

ఆ ఏడు రంజాన్‌కు పిల్లలూ మనవలూ వస్తున్నారని, వాళ్లందరినీ అదే వరసలో జరీ బట్టల్లో వేశారు. కుక్కకు బదులు పిల్లి. ఫొటోలు తీసేది ఎప్పుడూ ఆవిడే కాబట్టి ఆ ఇంటి ఫొటోల్లో ఆవిడ ఎక్కడా లేరు. పండుగకు రెండు రోజుల ముందు, తను నాకు నేర్పిన ఆకులే కదా అని, అంచున వాటిని పూర్తిచేయమని అప్పగించి వంటింట్లోకి వెళ్లారు. ఒకచోట గోధుమరంగు మరక కనబడింది. చిందిన రంగనుకుని శుభ్రంగా తుడిచి, పైన మూడు ఆకులు వేసి మురిసిపోయాను. ఆంటీ వచ్చి చూశారు.

"బేటా, అది నేను."

కళ్లూ ముక్కూ ఇంకా దిద్దని ముఖం అది. చిత్రకారుడి కథ అన్నిసార్లు విన్నదాన్ని, ఆ మాత్రం తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ ఒక గుడ్డముక్క నా చేతిలో పెట్టారు.

"పరేషాన్ కాకు. నన్ను నువ్వే పోగొట్టినవ్ గదా, నువ్వే తీస్కరా."

నాకు ముఖాలు రావని మొత్తుకున్నా వినలేదు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ, కాన్వాసును కాదు, తనను చూడమన్నారు. మూడుసార్లు వేసి తుడిచేశాను. నాలుగోసారి, "ముక్కు చిన్నగ చెయ్యకు, నా ముక్కు నాకిష్టం," అన్నారు. తనను ఎవరైనా ఇంతసేపు చూసి ఎన్నేళ్లయిందోనని నవ్వేశారు. ఆ నవ్వే బొమ్మలోకి వచ్చింది.

పండుగనాడు రంగు ఇంకా తడిగానే ఉంది. అందరూ తమ తమ జరీ బట్టలు చూసుకుంటుంటే, చిన్న మనవరాలు ఆకుల దగ్గర ఆగిపోయి, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అమ్మమ్మను చూపిస్తూ అరిచింది.

"నానీ ఈజ్ హియర్! ఓన్లీ నానీ స్మైలింగ్ లా!"

ఆంటీ ఇప్పుడు లేరు. ఆ బొమ్మ మనవరాలి ఇంట్లో ఉంది. నేను ఎవరింటికి వెళ్లినా, ఫోన్ పట్టుకుని అందరినీ ఫొటో తీస్తున్నది ఎవరో ముందు చూస్తాను. వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, తీరిగ్గా చూసి, బొమ్మ వేస్తాను. ముక్కు మాత్రం చిన్నది చేయను.