రేణుకకు చెప్పిన కుడి కాలు

ఏడేళ్లుగా ఒక కాలును మోస్తున్నాను. అది నాది కాదు. బరువులు మోయడం కరాటేలో అలవాటే కనుక ఎవరికీ అనుమానం రాలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే, ఒక్కరికి చెప్పి ఊరుకునేవాణ్ణి.

మోత్కూర్‌లో మా మాస్టర్ ఒక బడి ఆవరణలో నేర్పేవారు. నేను ఇంటర్‌లో చేరాను. డిగ్రీ అయింది, బ్లాక్ బెల్టు వచ్చింది, జుట్టు పోవడం మొదలైంది, ఇంకా అక్కడే ఉన్నాను. క్లాసుకు ముందు అందరం మోకాళ్ల మీద వరసగా కూర్చుంటాం. కుడి చివర అందరికన్నా పాత శిష్యుడు కూర్చోవాలి. ఆ అడుగున్నర జాగా నాది. ఎకరాలున్నవాళ్లు నవ్వవచ్చు. నాకున్న భూమి అదే.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది రేణుక క్లాసులో చేరింది. పత్తి ఏరే కూలీల బిడ్డ. కరాటేలో దెబ్బకు బలం నడుము తిప్పడంలోనే ఉంటుంది. నేను మూడేళ్లు తిప్పితే తిరిగిన నడుము ఆమెకు ఒక్క వానాకాలంలో తిరిగింది. నాకేం అసూయ లేదని ఇంట్లో చెప్పాను. ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఒకరోజు చాయ్ తాగుతూ మాస్టర్ తన తర్వాత క్లాసు రేణుక చూసుకుంటుందనీ, నన్ను జర తోడుండమనీ అన్నారు. పదహారేళ్ల సాధనకు తోడు పదవి. చాయ్‌లో చక్కెర ఎక్కువైందని మాత్రం అన్నాను.

ఆ ఏడే ఆయన స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. రేణుక బ్లాక్ బెల్టు పరీక్ష దగ్గరికొచ్చింది. చివరి కటా నేర్పే పని నాకొచ్చింది. కటా అంటే కనబడని శత్రువులతో వరస తప్పకుండా చేసే పోరు. ఆ కటా మా ఊళ్లో మాస్టర్‌కూ నాకూ తప్ప ఎవరికీ రాదు. దాన్ని మనిషి నుంచే నేర్చుకోవాలి, ఫోన్‌లో చూడకూడదు. అది మాస్టర్ నియమం. రేణుక నియమం తప్పే పిల్ల కాదు.

వెనక్కి తిరిగే చోట ఎడమ కాలు కదలాలి. కుడి కాలు అని చెప్పాను.

నోరు జారిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నోరు ఒకసారి జారుతుంది. నలభై పొద్దులు జారుతుందా? రోజూ ఆమె కుడి కాలు కదిపేది, నేను తలూపేవాణ్ణి. ఆ తప్పును కూడా ఎంత అందంగా చేసేదంటే, ఒక దశలో అసలుదే తప్పేమోనని నాకే అనుమానం వచ్చింది. దానికి కూడా కుళ్లుకున్నాను.

నల్గొండలో పరీక్ష. ఆ మలుపు దగ్గర పరీక్షకుడు చెయ్యెత్తి ఆపి, ఎవరు నేర్పారని అడిగాడు. నేర్పినవాళ్లు మంచిగానే నేర్పారు, నేనే మరిచానని ఆమె చెప్పింది. నేను గోడకానుకుని ఆమె నీళ్ల సీసా పట్టుకుని ఉన్నాను. బెల్టు రాలేదు.

తిరుగు బస్సులో చాలాసేపటికి అడిగింది.

"అన్నా, గాడ తిరిగేటప్పుడు ఎడమ కాలా?"

"ఎడమనే గద రేణుకా."

"నువ్వు కుడి అన్నట్టు యాదికున్నది."

"నేనెందుకంట గట్ల?"

నా చేతిలోంచి నీళ్ల సీసా తీసుకుని మూత తిప్పింది.

"నిజమే, నువ్వెందుకంటవ్. నా మతే గింత. గీ మతికి బెల్టొకటి కావాల్నట." నవ్వింది. నేనూ నవ్వాను. జోకులు బాగా వేస్తానని నాకు పేరు. ఆ రోజు ఆమె జోకుకు నవ్వడమే నా పని.

కుడి కాలు ఆమె నుంచి ఒక పరీక్షను లాక్కుంది. బస్సులో నేనన్న మాట అంతకన్నా పెద్దదాన్ని లాక్కుంది. మరుసటి ఏడు బెల్టు వచ్చింది గానీ, క్లాసు మాత్రం వద్దంది. యాదికుండదు, అన్నకే ఇవ్వండని మాస్టర్‌కు తనే చెప్పింది. అలా క్లాసు నాకొచ్చింది. నాకు కావలసింది అదేనా? అదే. ఇక్కడ అబద్ధమాడి లాభం లేదు.

ఇప్పుడు ఆమె కేతేపల్లిలో ఆడపిల్లలకు నేర్పుతోంది. ప్రతి అడుగూ నోటుబుక్కులో రాసుకుంటుందట. ప్రతి పరీక్షకు ముందు పిల్లల్ని బస్సెక్కించి నా దగ్గరికి పంపుతుంది. మొన్న ఒక పిల్ల చెప్పింది: "మా మేడం మతి మీద మేడంకే భరోసా లేదట సార్. మీరొక్కసారి చూడాల్నట."

చూశాను. మలుపు దగ్గర అందరివీ ఎడమ కాళ్లే కదిలాయి. ఇన్నేళ్లలో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. వెతకలేదని కాదు. ఆ పిల్లల నడుములు తిరిగే తీరు చూస్తే ఇప్పటికీ నా కడుపులో మంట. సరిగ్గానే ఉందన్నాను. వాళ్లు నాకు వంగి దండం పెట్టి వెళ్లారు.

క్షమించమని అడగడం లేదు. అడగవలసింది మిమ్మల్ని కాదు కూడా. మోస్తున్నదాన్ని కాసేపు కింద పెట్టాలనిపించింది, అంతే. ఏడేళ్లు నోట్లో నానిన మాట చిన్నదే. కుడి కాలు అని నేనే చెప్పాను. రేణుక ఏదీ మరిచిపోలేదు.