ఖాళీగా పంపని క్యాసెట్

పాలపొడి డబ్బా మూత తీయగానే గుప్పున ఊదు వాసన వచ్చింది. పీర్జాదిగూడలోని మా కొత్త ఫ్లాటులో, రంగుల వాసన ఇంకా పోని గోడల మధ్య, ఎప్పటిదో కువైట్ వాసన. నాచారంలో నాన్న ఇన్నాళ్లూ అద్దెకున్న ఇంటిని కూలగొడుతున్నారని ఆయన్ను మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆ ఇంటి అటక మీంచి దిగింది ఈ డబ్బా. లోపల చీర ముక్కలో చుట్టిన ఒకే ఒక్క క్యాసెట్, అమ్మది.

నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక అమ్మ కువైట్‌లో ఎవరింట్లోనో వంటకు, పిల్లల్ని చూసుకోడానికి వెళ్లింది. మేము కోనసీమ నుంచి నాచారం వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. నాకోసం వచ్చి ఉండిపోయిన అమ్మమ్మకు నాచారం చివరిదాకా 'వీళ్ల ఊరే', మన ఊరు కాదు. ఇక్కడి నీళ్లకు పప్పు ఉడకదని, ఇక్కడి ఎండకు వడియాలు కూడా సరిగా ఎండవని సణిగేది. ఎండ ఎక్కడైనా ఎండేగా అన్నానంటే నెత్తిన మొట్టికాయ పడేది.

ఇంటి ఓనరు యాదమ్మత్తది మాత్రం తాతల నాటి నాచారం. పొలం పోయినా బర్రెల్ని వదల్లేదావిడ. వాన పట్టిన సాయంత్రాల్లో, నువ్వులూ పల్లీలూ తగిలే సర్వపిండిని గిన్నె అడుగున ఎర్రగా కాల్చి, పొగలు కక్కుతుండగానే తెచ్చి ఇచ్చేది. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం అమ్మమ్మ దృష్టిలో మహాపాపం. జంతికలో, పనసపొట్టు కూరో, ఏదీ లేనినాడు గుప్పెడు పంచదారో వేసి పంపేది. బోనాల రోజున వేపమండల వాసనతో, డప్పులతో వీధి ఊగిపోతుంటే, పోతరాజు కొరడా చప్పుడుకు నేను యాదమ్మత్త కొంగులో దూరేదాన్ని. అమ్మమ్మ తలుపు సందులోంచే దణ్ణం పెట్టేది.

అమ్మ క్యాసెట్ కూడా అమ్మమ్మకు గిన్నెలాంటిదే. కువైట్ నుంచి సెలవు మీద వచ్చే మా వైపు మనుషులు కోనసీమ బస్సెక్కే ముందు దాన్ని మా ఇంట్లో ఇచ్చి, తిరుగు ప్రయాణంలో తీసుకెళ్లేవాళ్లు. ఆ మధ్య రోజుల్లో అన్నం తింటూ, జడ వేయించుకుంటూ అమ్మ మాటలు వినీ వినీ కంఠతా పట్టేదాన్ని. మనిషి తిరిగి వెళ్లే వేళకు అమ్మమ్మ టేపు రికార్డర్ ముందు మమ్మల్ని కూర్చోబెట్టి అదే క్యాసెట్‌ను మా మాటలతో నింపేది. అమ్మ గొంతు మీద మా గొంతులు, అక్కడికి వెళ్లాక మా గొంతుల మీద అమ్మ గొంతు. అలా అమ్మ గొంతు చెరిగిపోతోందని మాలో ఎవరికీ తోచలేదు. నాన్న గొంతు సవరించుకోవడంతోనే ఆయన వంతు అయిపోయేది. యాదమ్మత్త మాత్రం అమ్మ సముద్రం అవతల ఉందన్న లెక్కతో వీధంతా వినపడేలా అరిచేది.

"లచ్చిమీ, ఫికర్ జెయ్యకు. నీ బిడ్డ మా ఇంట్లనే తింటున్నది. నువ్వు జర పైలం."

అమ్మ ఎప్పుడూ కోరేది ఒక్కటే, చివర్లో కాసేపు రికార్డర్‌ను గుమ్మంలో పెట్టమని. కోనసీమ కొబ్బరి తోటల్ని గురించి అడిగేది కాదు. ఈ వీధి వినాలనేది. బర్రెల మెడగంటలూ, ఫ్యాక్టరీ సైరనూ, మేము పిల్లలం గులకరాళ్లతో అచ్చంగిల్లాలు ఆడుతూ పోట్లాడుకోవడమూ అలా కువైట్ వెళ్లేవి.

తర్వాత యాదమ్మత్త ఇంటికి ఫోను వచ్చింది, క్యాసెట్లు ఆగాయి. ఇంకొన్నేళ్లకు అమ్మ వచ్చేసింది. వచ్చి మాతో ఎక్కువ కాలం ఉండలేదు. చేతుల్లోకి ఈ ఫోన్లు రాకముందే జబ్బు చేసి పోయింది. ఫొటోలు ఉన్నాయి, గొంతు లేదు. ఆ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే ఈమధ్య నాకు నా గొంతే వినిపిస్తోంది. అది తలచుకుంటే ఏడుపొస్తుంది.

ఉప్పల్‌లో ఒక పాత సామాన్ల కొట్టు నుంచి టేపు రికార్డర్ తెచ్చి, నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని వేశాను. అనుకున్నట్టే అన్నీ మేమే. అమ్మమ్మ సణుగుడు, నాన్న దగ్గు, నేను అప్పజెప్పిన ఎక్కాలు, యాదమ్మత్త అరుపు. తర్వాత గుమ్మం, గంటలు, సైరన్. యాదమ్మత్త లేదు, బర్రెలు లేవు, ఆ ఫ్యాక్టరీ జాగాలో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆ వీధి ఇప్పుడు ఈ టేపులోనే ఉంది.

ఉన్నట్టుండి ఆ వీధి చప్పుడు టక్కుమని తెగింది. ఆ రోజు కరెంటు పోయిందని, మనిషి విమానానికి ఆలస్యమవుతోందని గుమ్మంలో తొందరపెట్టాడని అప్పుడు గుర్తొచ్చింది. మేము నింపలేకపోయిన చివరి కాస్తలో, మాకంటే ముందు మాట్లాడిన అమ్మ మిగిలిపోయింది.

"...మన నాచారం వచ్చేస్తాను కదా. అందాకా దీన్ని మీ దగ్గరే ఉంచండి. తిప్పి పంపకండి. పిల్ల నా గొంతు మర్చిపోద్ది."

అప్పట్లో అన్నీ కంఠతా పట్టినా, ఈ మాట నాకు గుర్తులేదు. తిప్పి పంపకుండా ఉండటానికి అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. క్యాసెట్ పట్టుకుని ఆ మనిషిని వీధి చివరిదాకా సాగనంపింది మాత్రం నాన్నే. టేపు ఖాళీగా గరగరమంటూ తిరుగుతూనే ఉంది. నాన్న రికార్డర్ వైపు వంగి, ఎప్పటిలాగే గొంతు సవరించుకున్నాడు. ఈసారి అక్కడితో ఆగలేదు.

"ఉంచాను లక్ష్మీ" అన్నాడు.