ఆరింటికి మూసే ఆఫీసు

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే కిటికీ వెనక కూర్చునే ఆవిడకి కిటికీ మేడం అని పేరు పడిపోయింది. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో ఆవిడ దగ్గరికి నవ్వుతూ వచ్చినవాళ్ళు లేరు. కుళాయిలో నీళ్ళు చక్కగా వస్తున్నవాడికి ఆ కిటికీతో పనేముంది? నీళ్ళు రానివాడు వస్తాడు. బురదనీళ్ళు వచ్చినవాడైతే సీసాలో పట్టుకుని మరీ వస్తాడు. "ఏ వీధండీ? ఎన్నాళ్ళుగా రావట్లేదు?" అని అడిగి రాసుకోవడం వరకే ఆవిడ పని. గొట్టం పగలగొట్టింది ఆవిడ కాదు, అతికించేదీ ఆవిడ కాదు. తిట్లు మాత్రం అన్నీ ఆవిడవే.

ఇంటికొస్తే అక్కడ ఇంకో మూడు ఫిర్యాదులు కాచుకుని ఉండేవి. మొగుడికి కత్తెర కనబడదు, కూతురికి ఉతికిన చున్నీ కనబడదు, అత్తగారికి తను పొద్దుట్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదని బెంగ. చెప్పులైనా విప్పకముందే ముగ్గురూ ఒక్కసారి మొదలెట్టేవారు. ఈవిడ కస్సుమనేది. అత్తగారు ముక్కు చీదేది. ఆ పూటకి అన్నం ఎవరికీ సహించేది కాదు.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం ఆవిడ కాళ్ళు మూడో అంతస్తులో తమ గుమ్మం దగ్గర ఆగలేదు. తిన్నగా డాబా మీదికి తీసుకెళ్ళాయి. నీళ్ళ ట్యాంకు వెనక ఎవరో పారేసిన ఒంటిచెయ్యి కుర్చీ ఉంది. అందులో కూలబడి, చెప్పులు విప్పి, పిట్టగోడ మీద కాళ్ళు పెట్టి, సంచీలోంచి నిమ్మబిళ్ళ తీసి నోట్లో వేసుకుంది. కొరకలేదు. అది కరిగేదాకా ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదని తనకి తానే షరతు పెట్టుకుంది. రెండు బిళ్ళలు కరిగేసరికి అరగంటైంది. కిందికెళితే కత్తెర ఎక్కడుందో కోపం రాకుండా చెప్పగలిగింది.

అప్పట్నుంచి ఐదున్నరకి మూసే ఆఫీసు ఇంట్లోవాళ్ళ లెక్కలో ఆరింటికి మూస్తోంది.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒకరోజు ఆఫీసు బంట్రోతు ఇంటి తలుపు కొట్టాడు. "మేడం కళ్ళజోడు మర్చిపోయారండీ. వెనకాలే వచ్చాను, అందలేదు."

"ఆవిడింకా ఆఫీసులోనే ఉందిగదయ్యా," అంది అత్తగారు.

"ఆఫీసుకి తాళం వేసింది నేనేనండీ."

అత్తగారు వరండాలోంచి తొంగిచూసి కింది వాటా ఆవిణ్ణి కేకేసింది. "మా కోడలు గానీ కనబడిందా?"

"ఇందాకే మెట్లెక్కింది పిన్నిగారూ. రోజూ ఇదే టైముకిగా," అందావిడ. ఆవిడ కంట పడకుండా ఆ మెట్లు ఎక్కినవాళ్ళు లేరు.

మెట్లెక్కిన మనిషి ఇంట్లోకి రాలేదంటే ఇక మిగిలింది డాబాయే. అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ, ప్రతి మెట్టుకీ ఒక మాట అనుకుంటూ పైకి చేరింది. ట్యాంకు వెనక కోడలు కళ్ళు మూసుకుని, పిట్టగోడ మీద కాళ్ళతో, మహారాణిలా ఉంది.

"ఏమ్మోయ్, ఇదా నీ నిర్వాకం?"

ఆ గొంతులోని విసురు వినగానే కళ్ళు తెరవకుండానే కోడలి నోట్లోంచి అలవాటు మాట జారింది. "ఏ వీధండీ? ఎన్నాళ్ళుగా రావట్లేదు?"

"ఈ వీధేనమ్మా. రోజూ అరగంట చొప్పున కోడలు రావట్లేదు. రాసుకో."

కోడలు లేచి నిలబడబోయి చెప్పులు కుడీ ఎడమా మార్చి తొడుక్కుంది. అబద్ధం బయటపడ్డందుకు కాదు, ఆ అరగంట ఇక పోయినట్టేనని ఆవిడ కంగారు.

"ఎన్నాళ్ళుగా?" అంది అత్తగారు.

"మూడేళ్ళు, అత్తయ్యా."

"మా మొహాలు చూడ్డం అంత కష్టంగా ఉందా?"

"మీ మొహాలు కాదు. అక్కడ తిన్న తిట్లు తెచ్చి మీకు వడ్డించేదాన్ని. ఇప్పుడు అవి ఇక్కడ దింపుకుని వస్తున్నాను, అంతే."

అత్తగారు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "నువ్వు కస్సుమనడం మానింది మూడేళ్ల కిందటేగా. నిన్ను నేనే మంచి చేసుకున్నాననుకున్నా. వీధిలో అందరికీ చెప్పుకున్నాను కూడానూ."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియక సంచీలోంచి ఒక బిళ్ళ తీసిచ్చింది. అత్తగారు అది నోట్లో వేసుకుని కటుక్కున కొరికేసింది. కోడలి ప్రాణం ఉసూరుమంది.

"బాగానే ఉంది. గాలి కూడా వస్తోంది. రేపట్నుంచి నేనూ వస్తాను, కబుర్లు చెప్పుకుందాం."

పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో కోడలు అత్తగారికి కాదని చెప్పింది లేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ ఆ అరగంట తనది కాదు.

"వద్దత్తయ్యా. ఈ అరగంట ఒక్క మనిషికే సరిపోతుంది."

అత్తగారు మూతి ముడిచింది. ట్యాంకు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. ఇంకో బిళ్ళ అడిగి పుచ్చుకుంది. తర్వాత, "నేను పుట్టి డెబ్భయ్యేళ్ళయింది, నాకూ ఒక్క అరగంట ఉండాలని ఎవరికీ తోచలేదే," అంది. ఆ గొంతులో విసురు లేదు.

"తోచలేదు అత్తయ్యా. నాక్కూడా," అంది కోడలు. "నేను దిగాక మీరు వెళ్ళండి. ఎక్కడికో చెప్పక్కర్లేదు. పొయ్యి నేను చూసుకుంటా."

ఆ పూట అత్తగారే ముందు కిందికి దిగింది. కొడుకు "మా ఆవిడ ఇంకా రాలేదేం?" అని అడిగితే, "ఆరింటిదాకా ఆఫీసే కదరా, కొత్తగా అడుగుతావేం?" అని కసిరింది.

మర్నాటి నుంచి ఆరుంబావుకల్లా పెద్దావిడ జరీచీర కట్టుకుని బయటికి నడుస్తోంది. ఎక్కడికని కొడుకూ మనవరాలూ అడిగారు, చెప్పలేదు. కోడలు అడగనే లేదు. కింది వాటా ఆవిడ ఊరుకుంటుందా, కూరగాయల వంకతో వెంటపడి కనుక్కుంది. మలుపు దగ్గర బస్‌స్టాపులో కూర్చుంటోందిట. ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ, ఎవరు ఏం కొన్నారో, ఎవరితో ఎవరు పోట్లాడుకుంటున్నారో తీరిగ్గా చూస్తోందిట.

బస్సు ఆగితే కండక్టరు, "ఎక్కుతారా మామ్మగారూ?" అని అడుగుతాడు.

"నువ్వు పోనీ నాయనా," అంటుంది ఆవిడ, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "నాకింకా పావుగంట ఉంది."